బస్సులో కూర్చున్న గుండె

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ అత్తయ్యా వేళకింత తింటూ, ఒకరినొకరు కాస్త సాధించుకుంటూ రోజులు నెట్టుకొస్తున్నాం. మీరు కూడా ఆ ఓడ మీద కులాసాగా ఉన్నారనీ, వంటవాడితో మీ తగాదా ఒక కొలిక్కి వచ్చిందనీ తలుస్తాను. మీ ఉత్తరం ఏ రేవులో తడిసిందో గానీ ఒక మూల సిరా అంతా అలుక్కుపోయింది. అక్కడ ఏం రాసి ఉంటారా అని ఇద్దరం ఒక సాయంత్రమంతా వాదులాడుకున్నాం. "అక్కడ వాడు నన్నే అడిగాడే" అని ఆవిడ. నాకొచ్చిన ఉత్తరంలో నాకంటూ ఒక మూలైనా మిగలనివ్వరా అని నేను.

మీరడిగినవాటికి జవాబులు రాస్తాను. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ప్లంబరు వచ్చాడు, చూశాడు, పెదవి విరిచాడు, రేపొస్తానన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. మీ నీలం స్వెటరు బీరువా కింది అరలో భద్రంగా ఉంది. వీధి చివర కొత్తగా పెట్టిన దీపం వెలుగు సరిగ్గా మన పడకగది కిటికీలోకి కొడుతోంది. మందంగా ఒక కర్టెన్ కుడతానని అత్తయ్య గుడ్డ తెప్పించి కొలతలు కూడా తీశారు. ఆ గుడ్డ మడత విప్పకుండా అలాగే ఉంది.

ఫోటోలో అత్తయ్య మణికట్టుకు ఆ కట్టేమిటని అడిగారు. కుట్టుమిషన్ దగ్గర లేస్తుంటే చెయ్యి బల్లకు తగిలిందని ఫోన్‌లో చెప్పాను. సగం మాటలు గాలికి పోయాయి. మీరు "ఆఁ? ఆఁ?" అంటుండగానే లైను తెగిపోయింది. తెగినందుకు నాకు హాయిగా అనిపించింది. అదెందుకో ఈ ఉత్తరంలో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. నా పద్ధతి మీకు తెలిసిందే కదా, చేదు మందు మింగే ముందు గ్లాసు కడుగుతాను, నీళ్ళు పోస్తాను, మళ్ళీ గ్లాసు కడుగుతాను.

మా పరిశోధన గురించి మీ చీఫ్ ఇంజనీరు అడిగాడన్నారు. ఆయనకు అర్థమయ్యేట్టు రాయమన్నారు కాబట్టి మొదటి నుంచీ రాస్తాను, మీకు తెలిసింది కూడా మళ్ళీ చదవండి. మనం మెట్లెక్కినా, బరువు మోసినా, కోపం వచ్చినా గుండె తనంతట తానే వేగం పెంచుకుంటుంది. అత్తయ్య గుండెకు ఆ చురుకు పోయింది. పడుకున్నా పరుగెత్తినా ఒకటే నడక. అందుకే ఆవిడ భుజం కింద పేస్‌మేకర్ పెట్టించాం. అందులో కదలికను పసిగట్టే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. ఒళ్ళు కదిలితే 'అమ్మగారు పనిలో పడ్డారు' అనుకుని అది గుండెను తొందరపెడుతుంది. చిక్కల్లా ఏమిటంటే, బస్సులో కూర్చున్నా ఒళ్ళు ఊగుతుంది. కిటికీ పక్కన కునుకు తీస్తున్న మనిషికి గుండె దడదడలాడితే ఏం బాగుంటుంది? నేను రాసిన కొత్త ప్రోగ్రాం ఆ తేడా కనిపెడుతుంది. అడుగు నేలకు తాకిన అదురు లేకుండా ఒకే తీరుగా ఊగే ఊపు ఏదైనా సరే, దాన్ని ప్రయాణం కింద జమకట్టి గుండెను నిదానంగా ఉండనిస్తుంది. నాలుగేళ్ళుగా నా తిండీ నిద్రా అదే. అన్నం వడ్డిస్తూ మధ్యలో గరిటె పట్టుకుని నిలబడిపోయే దాన్నని మీరు వెక్కిరించేవారు కూడా.

ఇన్నాళ్ళూ జరిగింది దాని పరీక్ష. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు కొన్ని నెలలు పాత ప్రోగ్రాం, కొన్ని నెలలు నాది పెడతారు. ఏది ముందో చీటీ తీసి నిర్ణయిస్తారు. ఎవరికి ఏది నడుస్తోందో వాళ్ళకు గానీ, వాళ్ళను ప్రశ్నలడిగే నర్సుకు గానీ, చూసే డాక్టరుకు గానీ తెలియకూడదు. తెలిస్తే మనిషి మనసు ఊరుకోదు, తనకు నచ్చినదాని వైపు లాగుతుంది. అత్తయ్యను ఇందులో చేర్చుకునేటప్పుడు పరీక్షను పర్యవేక్షించే కమిటీ వాళ్ళు నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పారు. ఆవిడ యంత్రం జోలికి, ఆవిడ వివరాల జోలికి నేను వెళ్ళకూడదు. సరేనని సంతకం చేశాను. మీరూ ఆ రోజు ఫోన్‌లో, "నువ్వుండగా అమ్మ గుండె గురించి నాకేం బెంగ" అన్నారు. కిందటి ఉత్తరంలోనూ అదే మాట రాశారు. ఆ వాక్యం ఉన్న కాగితాన్ని నేను బోర్లా పెట్టి రాస్తున్నాను.

మొదటి నెలల్లో అత్తయ్యను చూసి ఉండాల్సింది మీరు. పొద్దున్నే కాఫీ తాగి ముందుగదిలో మిషనెక్కితే మధ్యాహ్నం భోజనానికి పిలిచినా దిగేవారు కాదు. వీధిలో సగం మంది పిల్లల యూనిఫాంలు ఆవిడ చేతి మీదుగానే బడికి వెళ్ళాయి. మీ పాత చొక్కాలు కత్తిరించి దిండు గలీబులు కుట్టేశారు, వచ్చాక చొక్కా ఏదని నన్నడక్కండి. కాళ్ళు పెడలు తొక్కుతుంటే నోరు మేడ మీది టీచరమ్మతో కబుర్లు చెప్పేది. "నా కోడలు పెట్టిన ప్రోగ్రామమ్మా ఇది, ఇరవై ఏళ్ళు వెనక్కి తీసుకెళ్ళింది" అని ఊరంతా చాటింపు. "అది నాదో కాదో ఎవరికీ తెలీదు అత్తయ్యా, అలా అనకూడదు" అంటే, "నీకు తెలీకపోతే పోయె, నా గుండెకు తెలుసు" అనేవారు.

ఆ తర్వాత ప్రోగ్రాం మార్చే రోజు వచ్చింది. ఆస్పత్రిలో నర్సమ్మ యంత్రం మీద ఏదో ఆనించి రెండు బొత్తాలు నొక్కి పంపేసింది. వారం తిరక్కుండానే ఆవిడ డీలాపడ్డారు. నడిస్తే బాగానే ఉండేవారు, సందు చివర కూరల కొట్టుకు వెళ్ళొచ్చేవారు. మిషన్ దగ్గర కూర్చుంటే మాత్రం నాలుగు గీతలు కుట్టేసరికి ఆయాసం, చెమటలు. "ఈ రెండోది నీది కాదే అమ్మాయ్. వట్టి దండగమారిది. ఎవడు చేశాడో గానీ" అనేవారు. నేను నవ్వేదాన్ని. తర్వాత్తర్వాత ఆ మాట కూడా మానేశారు. ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి ముందుగదిలో మిషన్ ఉండే చోట నేల మీద నాలుగు గుండ్రటి మచ్చలు మాత్రం ఉన్నాయి. టీచరమ్మకు ఇచ్చేశారట. "నాకింక ఓపిక లేదులే. తుప్పు పట్టేకంటే ఎవరో ఒకరు తొక్కనీ" అన్నారు. ఇప్పుడు సాయంత్రాలు పైకప్పులోంచి ఆ చప్పుడు వినిపిస్తుంది. అత్తయ్య తల పైకెత్తి కాసేపు వింటారు. "దారం బిగువెక్కువ పెట్టింది, తెగుతుంది చూడు" అంటారు. నిజంగానే చప్పుడు ఆగిపోతుంది.

ఇక గ్లాసు కడగడం అయిపోయింది.

అత్తయ్యకు రెండోసారి పెట్టింది నాదే. ఆ సంగతి నాకు ఆ వారమే తెలిసింది. మంచం పక్కన ఉండే చిన్న పెట్టె ఆవిడ గుండె లెక్కల్ని రోజూ ఆస్పత్రికి పంపుతుంది, అవన్నీ అక్కడి మా ల్యాబులోని కంప్యూటర్‌కే వస్తాయి. అత్తయ్య వివరాలు నాకు కనబడకుండా ఆ కంప్యూటర్‌లోనే తలుపు మూశారు. కానీ ఆ తలుపు బిగించింది నేనే, గడియ ఎటు తీస్తే వస్తుందో నాకు తెలుసు. అందరూ టీకి వెళ్ళినప్పుడు తీసి చూశాను. ఆవిడ మీద బెంగతో చూశానని రాస్తే మీరు నమ్ముతారు. అందుకే అలా రాయను. నాది నడుస్తోందో లేదో తెలుసుకోవాలని చూశాను. నడుస్తోందని తెలిసి ఆ రోజు ఇంటికొస్తూ స్వీట్లు కొనుక్కొచ్చాను. ఏమిటే విశేషమని ఆవిడ అడిగితే ఊరికేనన్నాను.

చూసినందువల్ల ఏమైందో తెలుసా? ఆవిడ ఆయాసపడుతుంటే నా కళ్ళకు ఆయాసం కనబడలేదు. నాది నడుస్తుండగా ఈవిడకు ఓపిక తగ్గడమేమిటి, కుదరదే అనుకున్నాను. "వయసు కదా అత్తయ్యా" అన్నాను. "ఒక్కచోటే కూర్చుంటున్నారు, కాస్త నడవండి" అన్నాను. ఎంత సులువుగా వచ్చేశాయండీ ఆ మాటలు.

ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకొకటి చేశాను. ఆస్పత్రిలో ప్రశ్నలడిగే రోజు పొద్దున అత్తయ్య జడ వేసుకుంటూ, "ఇవాళ నర్సమ్మకు గట్టిగా చెప్పేస్తాను, ఈ రెండోది పనికిరాదని. ప్రాణం తోడేస్తోందని" అన్నారు.

"అలా చెప్పకండి అత్తయ్యా, మామూలుగానే ఉందని చెప్పండి" అన్నాను.

"ఎందుకే? వాళ్ళది బాగాలేదంటే నీకే కదా మంచిది?"

"నా కోసమని ఇంకొకరి పనిని తక్కువ చేయకూడదు. న్యాయంగా ఉండాలి కదా."

ఆవిడ దువ్వెన పక్కన పెట్టి నా వైపు చూశారు. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నేల చీలిపోతే బాగుండుననిపిస్తుంది. ఎంత మెచ్చుకోలో ఆ చూపులో! "నిజమేలే, నేనే తొందరపడ్డాను" అన్నారు. ఆస్పత్రిలో నర్సమ్మ అడిగిన ప్రతి ప్రశ్నకూ, "మామూలేనమ్మా, బాగానే ఉంది" అని చెప్పారు. ఆ సాయంత్రం టీచరమ్మతో, "ఎదుటివాడి కష్టం కూడా చెడకూడదని చూస్తుంది మా కోడలు" అంటుంటే నేను వంటింట్లో కుళాయి కింద గిన్నె మారుస్తూ విన్నాను.

ఆ తర్వాతే మణికట్టు దెబ్బ. చెయ్యి ఊరికే తగల్లేదు. యూనిఫాంలు ఇస్తానన్న రోజు దగ్గర పడిందని మొండికేసి కూర్చుని కుట్టారు. లేచేసరికి కళ్ళు తిరిగి, మిషన్ మీదికి తూలి, చెయ్యి కింద పడి నలిగింది. సూది కాస్త దూరంలోనే ఉంది. నేను ఇంట్లోనే ఉన్నాను, పక్క గదిలో నా ఉపన్యాసానికి బొమ్మలు తయారు చేసుకుంటూ.

అప్పుడు మళ్ళీ తలుపు తీసి చూశాను. ఆవిడ కుట్టిన వేళలన్నీ వెతికాను. గుండె పెరగాల్సిన చోటల్లా గీత గీసినట్టు సమంగా ఉంది, పడుకున్న మనిషికి ఉన్నట్టు. ఎందుకో అర్థం కావడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. పెడలు తొక్కే మనిషి కుర్చీలో కూర్చునే ఉంటుంది. అడుగు అదురు ఉండదు. ఒళ్ళు ఒకే తీరుగా ఊగుతుంది. నా ప్రోగ్రాం దృష్టిలో అత్తయ్య ఇన్నాళ్ళూ బస్సులో కూర్చుని షికారు వెళుతున్నారు. కాళ్ళు అరిగేలా తొక్కుతుంటే 'అమ్మగారు విశ్రాంతిలో ఉన్నారు' అని గుండెను జోకొడుతోంది. కార్లు, రైళ్ళు, బస్సులు, ఆటోలు, అన్నిట్లోనూ ఎక్కించి పరీక్షించాను నేను. మన ముందుగదిలో రోజూ నా చెవిలో మోగే మిషన్ నాకు తట్టలేదు.

అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే నాకెలా తెలిసిందని అడుగుతారు. తలుపు తీశానని ఒప్పుకోవాలి. ఇంకొన్నాళ్ళాగితే ఆవిడ వంతు అయిపోతుంది, మామూలు ప్రోగ్రాం పెట్టేస్తారు, దోషాన్ని నేనే నిదానంగా కనిపెట్టినట్టు సరిచేసుకోవచ్చు అనుకున్నాను. ఆ లోపల ప్రమాదం లేకుండా ఉండాలని ఆవిడకేం చెప్పానో తెలుసా? "ఇక కుట్టడం మానేయండి అత్తయ్యా, ఈ వయసులో ఎందుకు" అన్నాను. ఆవిడ సరేనన్నారు. ఆ తర్వాతే మిషన్ మేడ మీదికి వెళ్ళింది. మీ అమ్మ ఓపిక అయిపోయి ఇవ్వలేదండీ. అయిపోయిందని నేను నమ్మిస్తే ఇచ్చారు.

ఇంకా ఎన్నాళ్ళు నోరు మూసుకునేదాన్నో చెప్పలేను. కిందటి వారం నర్సమ్మ మాటల్లో, "మన పరీక్షలో ఉన్నవాళ్ళలో కత్తులు సానబెట్టే తాతగారు లేరూ, ఆయన కొట్టు మూసేస్తున్నారట. కాలితో చక్రం తొక్కలేకపోతున్నారట పాపం. వయసు మీద పడింది మరి" అంది. నా చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టేశాను. ఆ తాతగారూ అదే బస్సులో ఉన్నారు. అత్తయ్యకైతే పక్కన నేనున్నాను, ఆయనకు ఎవరూ లేరని ముందు అనిపించింది. వెంటనే, నేనుండి అత్తయ్యకు ఒరగబెట్టిందేమిటని కూడా అనిపించింది.

తిన్నగా పెద్ద డాక్టరు గదికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆయన ముందు ఫోన్ తీసి ఆ తాతగారినీ, కూర్చుని ఇలాంటి పనులు చేసుకునే వాళ్ళందరినీ వెంటనే పిలిపించమన్నారు. పరీక్ష మొత్తం ఆపించారు. ఫోన్ పెట్టాక నన్ను ఒక్కటే అడిగారు, "ఎప్పట్నుంచి తెలుసమ్మా నీకు?" అని. చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త ఏడ్చి తేలికపడేదాన్ని. విచారణ జరుగుతుంది. అప్పటిదాకా నన్ను ల్యాబుకు రావద్దన్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు, అడిగే మొహం కూడా నాకు లేదు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య బఠాణీలు ఒలుస్తున్నారు. పక్కన కూర్చుని నేనూ ఒలుస్తూ చెప్పాను. ఆవిడకు మొదట అర్థం కాలేదు.

"అంటే నా గుండె బస్సులో కూర్చున్నాననుకుందా?" అని పెద్దగా నవ్వారు. "టిక్కెట్టైనా తీసుకుందా లేదా?"

నేను నవ్వలేదు. ఆవిడ నవ్వు మెల్లిగా ఆగింది.

"ఉండు. అయితే ఈ దండగమారిది నీదా?"

"నాదే అత్తయ్యా."

"మరి మొదటిది?"

"ఎప్పట్నుంచో అందరికీ పెడుతున్న పాతదే."

"నీకు ముందే తెలుసా?"

తెలుసన్నాను. చేతిలో ఉన్న కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేశారు. ఇంకో కాయ తీసుకున్నారు. "మరి న్యాయం అన్నావు?" అన్నారు. కోపంగా కాదు, ఏదో లెక్క కుదరక అడిగినట్టు. క్షమించమని కాళ్ళు పట్టుకోబోతే పక్కకు జరిపేసుకుని, "బఠాణీలు దొర్లిపోతాయి, లే" అన్నారు. రాత్రి వడ్డించేటప్పుడు ఎప్పటిలాగే నాకింకో గరిటె కూర ఎక్కువ వేశారు. తినలేకపోయాను.

మర్నాడే ఆవిడకు మళ్ళీ పాత ప్రోగ్రాం పెట్టేశారు. మిషన్ తిరిగి అడుగుదామా అంటే, "ఇచ్చింది అడగడమేమిటి, ఆ పిల్ల అప్పుడే కర్టెన్లు కూడా కుడుతోంది" అన్నారు. కొత్తది కొంటానంటే, చూద్దాంలే అన్నారు.

నిన్న మళ్ళీ రమ్మంటే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అదే నర్సమ్మ, అదే బల్ల, అవే ప్రశ్నలు. "ఎలా ఉందమ్మా ఇప్పుడు? ఓపికగా ఉంటోందా, ఆయాసం తగ్గిందా?" అని ఆప్యాయంగా అడిగింది. అత్తయ్య నోరు తెరవబోయి ఆగిపోయారు. తల తిప్పి నా ముఖంలోకి చూశారు. మీ అమ్మ సంగతి మీకు తెలుసు, మనసులో మాట నాలుక చివరే ఉంటుంది, ఎవరినీ అడిగి మాట్లాడే మనిషి కాదు. తన గుండె ఎలా ఉందో చెప్పడానికి, ఏం చెప్పమంటావని నన్ను చూశారు.

నేను లేచి బయటికొచ్చి తలుపు దగ్గరకు వేశాను. వరండాలో కిటికీ దగ్గర కూడా నిలబడకుండా మెట్ల దాకా వెళ్ళిపోయాను. లోపల ఆవిడ ఏం చెప్పారో నాకు తెలియదు. అడగలేదు, అడగను. ఈసారి ఫోన్ కలిస్తే నన్ను పిలవకండి, ఆవిడకే ఇమ్మనండి. నేను గదిలో లేకుండా చూసుకుని, అమ్మా ఎలా ఉన్నావని మీరే అడగండి. ఆవిడ చెప్పేదాకా ఆగండి.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు